విండోస్‌లో టెసరాక్ట్ బిల్డ్ ఆగిపోతే

పాత తెలుగు పుస్తకం పేజీని స్కాన్ చేసి, టైపు చేసిన అక్షరాలుగా మార్చుకోవడానికి టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 1985లో హెచ్‌పీ కంపెనీలో మొదలైంది. 2005లో దాని సోర్స్ కోడ్‌ని అందరికీ ఇచ్చేశారు. ప్రాజెక్టు కోసం దీన్ని ఇంట్లో విండోస్ కంప్యూటర్‌లో కంపైల్ చేయబోయే పిల్లలూ, పక్కన కూర్చునే తల్లిదండ్రులూ ఇది ఒకసారి చదవండి.

అసలు కంపైల్ చేయాలా? వాడుకోవడానికే అయితే అక్కర్లేదు. జర్మనీలోని మన్‌హైమ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం విండోస్ ఇన్‌స్టాలర్‌ని ఉచితంగా ఇస్తోంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు భాషల్లో తెలుగుకి టిక్ పెడితే చాలు. కోడ్ మార్చి చూడాలన్న కుతూహలం ఉంటేనే ముందుకు వెళ్ళండి.

ఎర్రర్లు వరసగా వచ్చి పడతాయి. అందరూ చివరి లైను చూస్తారు. మీరు పైకి వెళ్ళి మొదటి ఎర్రర్ చదవండి, మిగతావి చాలావరకు దాని వెంట వచ్చినవే. టెసరాక్ట్‌కి లెప్టోనికా అనే మరో లైబ్రరీ కావాలి. అది దొరక్కపోతే సీమేక్ దశలోనే పని ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ వారి ఉచిత సాధనం వీసీపీకేజీతో తెప్పించుకుంటే, లెప్టోనికాకి కావలసిన బొమ్మల లైబ్రరీలు కూడా వెంట వస్తాయి. తెప్పించాక పాత బిల్డ్ ఫోల్డర్‌ని తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి. సీమేక్ పాత జవాబులు గుర్తుపెట్టుకుంటుంది, అన్నీ సరిచేసినా అదే ఎర్రర్ చూపించి విసిగిస్తుంది!

ఎల్‌ఎన్‌కె1112 అని వస్తే 32 బిట్, 64 బిట్ ఫైళ్ళు కలిసిపోయాయని అర్థం. రెండూ 64 బిట్‌వే తీసుకోండి.

ఫోల్డర్ పేరు సంగతి. యూజర్ పేరు తెలుగులో ఉన్నా, మధ్యలో ఖాళీ ఉన్నా కొన్ని సాధనాలు తడబడతాయి. దారి 260 అక్షరాలు దాటినా చిక్కే. సి డ్రైవ్‌లో నేరుగా ఒక చిన్న ఇంగ్లీషు పేరుతో ఫోల్డర్ పెట్టుకోండి.

పెద్దలకు ఒక మాట. షాపు లెక్కలు కూడా అదే కంప్యూటర్‌లో ఉంటే జాగ్రత్త. యాంటీవైరస్ ఆపేయమని, ఫలానా డీఎల్‌ఎల్ దించుకోమని ఎవరైనా చెబితే వినొద్దు. ఇక విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్‌కే కొన్ని జీబీల జాగా పడుతుంది. చాలకపోతే పక్కనే ఎస్‌పీ రోడ్డులో ఎస్‌ఎస్‌డీ దొరుకుతుంది.

అప్పటికీ కుదరకపోతే కంప్యూటర్ టీచరుగారికి చూపించండి. స్క్రీన్ ఫోటో తేవద్దు. ఎర్రర్ మొత్తాన్ని కాపీ చేసి, టెక్స్ట్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి.