ఆరు సెకండ్ల దరువు

నెగడుల ఇంకో రెండు కట్టెలెయ్యి బిడ్డా. ఆ డప్పును జర దూరం జరుపు, తోలు పగులుతది. కాగితే సప్పుడు పైకి లేస్తది గదా, గదే పని లండన్ల మీట తిప్పి చేస్తుండిరి. పొద్దుగాల నీ ఫోన్ల ఉరుకుతున్న ఆ డ్రమ్ములు ఉన్నయే, వాటిని కోస్తుంటే 1993ల నా కండ్లతోని చూసిన.

సదువుకని పోయి తూర్పు లండన్ల ఒక చిన్న రూంల ఉంటి. నాతోని ఉండే పిలగాని అమ్మనాయినలు జమైకా నుంచి వచ్చినోళ్లు. వాని మంచం కింద అన్నీ రికార్డులే. బల్ల మీద అటారి కంప్యూటరు, పక్కన అకాయ్ ఎస్‌950 సాంప్లర్. వినిపించింది పట్టుకొని, చెప్పిన తీరుగ మళ్ల పలుకుతది ఆ డబ్బా.

ఒకనాడు రాత్రి విన్‌స్టన్స్ అనే బ్యాండు పాట పెట్టిండు, 'ఆమెన్, బ్రదర్'. 1969ది. రికార్డు ముందుపక్క 'కలర్ హిమ్ ఫాదర్'కు గ్రామీ వచ్చింది, వెనుకపక్క దీన్ని ఎవరు పట్టించుకోలే. నడుమ వాయిద్యాలన్ని ఆగుతయి. గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే కొడతడు. నాలుగే చుట్లు, ఆరేడు సెకండ్లు. మొదటి రెండు ఒక్క తీరే. మూడోదాంట్ల ఆఖరు స్నేర్ దెబ్బను జర ఆలస్యం చేస్తడు. నాలుగోదాంట్ల మొదటి దెబ్బనే ఎగ్గొడతడు! చీకట్ల మెట్టున్నదనుకొని కాలేస్తే లేనట్టు, గుండె జల్లుమంటది.

ఆ ముక్కను మావాడు ఇంకా ముక్కలు చేసిండు. కిక్ ఒకటి, స్నేర్ ఒకటి, సింబల్ ఒకటి, ఒక్కొక్కటి కీబోర్డుల ఒక్కొక్క మీటకు కట్టిండు. కోత జర ముందుగాల పడితే ముందటి దెబ్బ తోక వినబడతది, జర ఆలస్యమైతే ఈ దెబ్బ తలకాయ తెగుతది. ఒక్క స్నేర్ కాడ్నే గంట కూసున్నడు. నాకు తెల్లారితే పరీక్ష, మస్తు తిట్టిన. అసలు దరువు నిమిషానికి 137 బీట్ల దాక ఉంటది, జంగిల్ అనే ఉరుకుల పాటకు 160 దాటాలె. వేగం పెంచితే శ్రుతి గూడ లేస్తది, కాగిన డప్పు లెక్క. ఇగ ముక్కలన్ని తారుమారు చేసి వాయించిండు. కోల్‌మన్ కలల గూడ కొట్టని దరువు అది, కని చెయ్యి ఆయనదే.

న్యూయార్క్‌ల పాటలు చేసేటోళ్ల తిప్పలు ఇంకో తీరు. వాళ్ల ఎస్‌పీ-1200 సాంప్లర్ల పదే సెకండ్ల జాగా. అందుకే 33 వేగం రికార్డును 45 వేగం మీద తిప్పి ఎక్కించుకొని, లోపల మళ్ల శ్రుతి దించుతుండిరి. దించంగ వచ్చిన గరుకుదనమే తర్వాత అందరు కోరుకున్నరు. ఇప్పుడు ల్యాప్‌టాపే చిటికెల కోసి పెడతది. మంచిదే, కాకపోతే నాలుగో చుట్టుల ఆ ఖాళీని ఎవరన్న వింటున్నరా అని నా అనుమానం.

కోల్‌మన్‌కు ఏమొచ్చిందంటవా? ఏం రాలే. మావాడు ఒక్క పైస పంపలే, ఎవరికి పంపాల్నని నేను గూడ అడుగలే. ఆయన 2006ల అట్లాంటాల ఇల్లు లేకుంట పోయిండు. పాట హక్కులు బ్యాండు పెద్ద రిచర్డ్ స్పెన్సర్ చేతుల ఉండె, ఆయనకు గూడ ఏండ్లకేండ్లు ఏం ముట్టలే. 2015ల పాట ప్రియులు చందాలేసి 24,000 పౌండ్లు స్పెన్సర్‌కు ఇచ్చిండ్రు. డ్రమ్ము కొట్టినాయన పోయి అప్పటికే తొమ్మిదేండ్లు.