నెత్తరు కొడగె నుంచి ఇంటి జాగా దాకా



కన్నడ శాసనాలలో ‘నెత్తరు కొడగె’ అనే మాట కనబడుతుంది. నెత్తురుకు ప్రతిగా ఇచ్చిన భూమి అని అర్థం. పోరులో కూలిన వీరుని కుటుంబానికి దక్కే మాన్యమది. మన కాకతీయుల నాయంకరం వేరు. సేనను పోషించే నాయకునికి ఊళ్ళ మీద ఇచ్చిన హక్కది, బంటు సంగతి కాదు. పోరులో కూలక తిరిగి వచ్చిన బంటు ఎక్కడ తలదాచుకున్నాడన్నది నాకు చాలాకాలంగా ఉన్న ప్రశ్న. ఆ ప్రశ్న శాసనాలు చదివి పుట్టినది కాదు, బోధనులో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర పుట్టింది.

నేను తెలుగు పండితునిగా పనిచేసిన బడికి ఎదురుగా ఆ మిల్లు ఉండేది. రాత్రి కావలి ఉండే పెద్దాయనను పిల్లలందరూ ‘మిల్ట్రీ తాత’ అనేవారు. చైనా యుద్ధం తరువాత సైన్యాన్ని పెంచుతున్న రోజులలో, 1963లో చేరారు. 1971 యుద్ధం చూశారు. తల్లి మంచాన పడడంతో 1974లో విడుదల కోరి ఇంటికి వచ్చేశారు. సిపాయికి పింఛను రావాలంటే పదిహేనేళ్ళ కొలువుండాలి. ఆయనది పదకొండేళ్ళు. గేటు పక్క గదే ఆయన ఇల్లు. 2004లో మిల్లు చేతులు మారబోతున్నదని తెలిసి, ఇంటి జాగా కోసం అర్జీ రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చారు.

ఆ అర్జీ కోసమే నేను ఈ చరిత్రంతా తవ్వవలసి వచ్చింది.

పంజాబులో ఆంగ్లప్రభుత్వం కాలువలు తవ్వి బీళ్ళను సాగులోకి తెచ్చినప్పుడు, కొత్త భూములలో కొంత భాగాన్ని మాజీ సైనికులకు కేటాయించింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అది మరీ పెరిగింది. దయతో కాదు లెండి, మళ్ళీ సైన్యంలో చేరడానికి ఆ ఇళ్ళలో కొడుకులున్నారు కదా! మా జిల్లాలోనూ కాలువలు వచ్చాయి. 1923లో మొదలైన నిజాంసాగరు 1931కి పూర్తయింది, మంజీర నీళ్ళు బోధను దాకా పారాయి. 1937లో చక్కెర కర్మాగారం ఏర్పడింది. శక్కర్‌నగర్ వెలసింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాలలో స్థిరపడ్డారు. వారి ఊళ్ళను నేటికీ ‘క్యాంపు’లనే అంటాం. క్యాంపు సైనికుల మాట. మా దగ్గర మాత్రం అది వరి, చెరకు పండించే రైతుల ఊరి పేరు. భాష చేసే చమత్కారాలు ఇలాగే ఉంటాయి.

ఇక హైదరాబాదు సంస్థాన సైనికుల కథ. 1918లో హైఫా ముట్టడి నాటి అశ్వదళంలో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతోపాటు హైదరాబాదు లాన్సర్లూ ఉన్నారు. వారి స్మారకంగా 1922లో ఢిల్లీలో నిలిపిన తీన్‌మూర్తి విగ్రహాలలో ఒకటి మన సంస్థాన సైనికునిది. 1941 డిసెంబరులో మలయాలోని కోటాబారు దగ్గర జపాను దాడిని ఎదుర్కొన్నవారిలోనూ మన సంస్థాన పటాలం ఉంది. 1948 సెప్టెంబరు 18న ఎల్ ఎద్రూస్ లొంగిపోయిన తరువాత ఆ సేనలో అధికభాగం రద్దయింది. కొలువు పోతే బారకాసులో చోటూ పోయినట్లే. కంచు సైనికునికి ఢిల్లీ కూడలిలో జాగా మిగిలింది.

స్వతంత్ర భారతంలో సాయం లేదనలేము. సైనిక బోర్డు 1919 నుంచీ ఉన్నదే. మాజీ సైనికులకు సర్కారు భూమి ఇచ్చే పద్ధతీ ఉంది. అసైన్డు భూమి అమ్మరాదని 1977లో చట్టం వచ్చింది. మాజీ సైనికులు మాత్రం పదేళ్ళ తరువాత అమ్ముకోవచ్చునని 1993లో ఉత్తర్వు వెలువడింది. అది వరమో, వల్లో నేను తేల్చుకోలేకపోయాను. 1978లో ఏర్పడిన సైనిక గృహనిర్మాణ సంస్థ వాయిదాలు కట్టగలవారికి పనికివస్తుంది.

పేదవాడికి మిగిలింది ఇందిరా ఆవాస్ యోజన. 1985-86లో మొదలైన ఈ పథకాన్ని 1995-96 నుంచి సైనిక కుటుంబాలకూ వర్తింపజేశారు. నిబంధన చదివి నేను కాసేపు ఆగిపోయాను. యుద్ధంలో మరణించినవారి భార్యకో వారసునికో ఆదాయంతో పని లేకుండా ఇల్లు ఇవ్వవచ్చు. బ్రతికివచ్చిన మాజీ సైనికునికి మాత్రం తక్కిన అర్హతలన్నీ ఉండాలి. అంటే వెయ్యేళ్ళ తరువాతా నెత్తరు కొడగెయే! వీరమరణం పొందినవారికి షరతు లేకపోవడం న్యాయమే. బ్రతకడం నేరం ఎందుకయిందన్నదే నాకు అర్థం కాలేదు.

పైగా అది పల్లెల పథకం, బోధనేమో మునిసిపాలిటీ. ఒక కార్యాలయంలో “మీ సొంతూళ్ళో పెట్టుకోండి” అన్నారు. సొంతూరికి వెళితే, “నలభై ఏళ్ళుగా ఇక్కడ లేవు గద తాతా, నీ పేరెట్ల రాస్తం?” అన్నారు. ఎవరి మాటలోనూ తప్పు లేదు. అర్జీ నకలు మాత్రం నా దగ్గరే ఉంది. ‘ప్రస్తుత చిరునామా’ గడిలో మిల్లు పేరు రాసి కొట్టేసి, మళ్ళీ రాశాను.

తరువాత నియమాలు మారుతూ వచ్చాయి. 2016లో ఆ పథకం స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. పింఛను లేని ముదుసలి మాజీ సైనికులకు సైనిక బోర్డు ఇచ్చే సాయం 2025 నవంబరు నుంచి నెలకు 4,000 రూపాయల నుంచి 8,000 అయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షల సాయంతో ఇందిరమ్మ ఇళ్ళ పథకం ప్రారంభించింది, సొంత జాగా ఉన్నవారికి ముందుగా.

తాత అప్పటిదాకా లేరు. మంజీర ఒడ్డున కూతురి ఇంటి వసారాలో 2009లో పోయారు.

ఏటా డిసెంబరు 7న, 1949 నుంచి నడుస్తున్న సాయుధ దళాల పతాక దినం నాడు, బడిలో చిన్న జెండాలు అమ్మి చందా పోగుచేసేవాళ్ళం. 2004లోనూ పిల్లలు డబ్బా పట్టుకొని మిల్లు దాకా వెళ్ళారు. ఎవరి కోసం ఈ పైసలని తాత అడిగితే, “మిల్ట్రీ వాళ్ళ కోసం” అని చెప్పారట. ఆయన ఐదు రూపాయలు వేసి, జెండా చొక్కాకు గుచ్చుకొని, సాయంత్రం దానితోనే నా దగ్గరకు వచ్చి అర్జీ సంగతి అడిగారు.