చక్కర్, చక్కెర, ఇస్తిలాహాత్

మన ఇళ్లలో నానీ "చక్కర్ ఆరా" అంటే తల తిరుగుతోందని అర్థం. ఉర్దూ రాని కొత్త నర్సుకు అది "చక్కెర" అని వినబడితే? షుగరు పరీక్ష గురించి మాట్లాడతారు, తల ఎందుకు తిరుగుతోందో అడగరు. సికిందరాబాద్ దవాఖానాల్లో పనిచేయబోయే మన పిల్లలు వైద్య పదాలు నేర్చుకోవడమంటే ఇంతియాజ్ మార్కులు తెచ్చుకోవడం మాత్రమే కాదు. మరీజు మాటకూ డాక్టరు రాసే మాటకూ మధ్య వంతెన కట్టడం.

ఈ పని మన షహర్‌కు కొత్తేమీ కాదు. నాసిరుద్దౌలా హుకూమత్‌లో, 1846లో, రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైంది. యూరప్ వైద్యాన్ని అక్కడ ఉర్దూలో బోధించారు. 1880ల్లో ఎడ్వర్డ్ లారీ కాలంలో బోధన ఇంగ్లీషుకు మారింది. 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి నాజిమ్. ఉస్మానియాలో వైద్యవిద్య మళ్లీ ఉర్దూలోకి వచ్చి, 1948 తర్వాత తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లింది.

కొత్త ఇస్తిలాహాత్ ఎలా పుట్టించాలన్నది అప్పట్లో పెద్ద బహస్. అరబీ ధాతువులే చాలా, లేక హిందీ, ఫార్సీ ముక్కలు కూడా కలుపుకోవాలా? ఉస్మానియా ఉర్దూ ప్రొఫెసర్ వహీదుద్దీన్ సలీమ్ 1921లో ఈ విషయం మీదే ఒక కితాబ్ వెలువరించి, కలుపుకోవాలన్న వైపే నిలిచారు.

ఆ బహస్‌లో మన పిల్లలకు పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. అరబీలో చాలా రోగాల పేర్లు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: జుకామ్ అంటే జలుబు, సుఆల్ అంటే దగ్గు, జుజామ్ అంటే కుష్ఠు. మొదట ఉకారం, తర్వాత దీర్ఘం. ఇంగ్లీషు వైద్యంలోనూ అచ్చులున్నాయి. గ్రీకు నుంచి వచ్చిన "ఐటిస్" చివర కనిపిస్తే వాపు, మంట అని గుర్తు. హెపటైటిస్ అంటే వరమ్-ఎ-జిగర్, కాలేయం వాపు. నెఫ్రైటిస్ అంటే వరమ్-ఎ-గుర్దా, మూత్రపిండం వాపు. ముక్క తెలిస్తే మాట విడిపోతుంది. మెదడు మీది పొర "డ్యూరా మేటర్"లో "మేటర్" అంటే తల్లి. అరబీ హకీములు ఆ పొరలను "ఉమ్మ్" అన్నారు, లాటిన్ వాళ్లు దాన్ని తర్జుమా చేసుకున్నారు. కాబట్టి ఈ పదాలు మనకు పూర్తిగా పరాయివి కావు.

అయితే మాట మూలం ఎప్పుడూ నిజం చెబుతుందని నమ్మకూడదు. దానికి సికిందరాబాదే గవాహీ. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడు గాలి. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మరీజును కుట్టిన దోమ పొట్టలో ఆ పరాన్నజీవిని చూశాడు. గాలి బేకసూర్ అని తేలింది. పేరు మాత్రం అదే నిలిచిపోయింది.

ఇంకో మాట కూడా ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి. నిజాం రియాసత్‌ రయ్యత్‌లో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. జ్వరంతో వచ్చిన తెలుగు రైతుకు ఇంగ్లీషు పేరు ఎంత దూరమో, అరబీ నుంచి తయారుచేసిన పేరూ అంతే దూరం. ఉర్దూలో చదివిన డాక్టరైనా చివరకు "కామెర్లు" అనే చెప్పాల్సి వచ్చేది. పాఠం ఏ జబాన్‌లో సాగినా, ఇమ్తిహాన్ మాత్రం మరీజు మంచం దగ్గరే.

రెండు జబాన్‌లూ ఇంట్లోనే ఉన్న మన పిల్లలకు ఇది పెద్ద దౌలత్. పూర్వం హకీములు తమ నుస్ఖాలు రాసుకునే పుస్తకాన్ని బయాజ్ అనేవారు. నర్సింగ్‌లోనో ల్యాబ్ కోర్సులోనో చేరిన ప్రతి బిడ్డా అలాంటి బయాజ్ ఒకటి పెట్టుకోవాలి. ఒక వరుసలో ఇంగ్లీషు, పక్కన ఉర్దూ, ఆ పక్కన తెలుగు: జాండిస్, యర్ఖాన్, కామెర్లు. పెరాలిసిస్, ఫాలిజ్, పక్షవాతం. వర్టిగో, చక్కర్, తల తిరగడం. మూడో వరుస ఖాళీగా ఉంటే ఆ పదం ఇంకా సగమే వచ్చినట్టు.