జీప్‌కి వాటర్ వాష్ ఒక్కటే సరిపోదు.. కింద గ్రీజు కొట్టించారా?

వీకెండ్‌లో శామీర్‌పేట, మేడ్చల్ వైపు మట్టిదారుల్లో తిరిగొచ్చి, బండికి వాటర్ వాష్ చేయించి వదిలేస్తున్నారా? అయితే ఇది మీకోసమే. పైన మెరిసినా, కింద సస్పెన్షన్ జాయింట్లలో చేరిన ఇసుక, నీళ్లు మెల్లగా లోహాన్ని తినేస్తాయి. బాల్ జాయింట్ అరిగి ఊడిందంటే ముందు చక్రం పక్కకు వాలిపోతుంది. 44వ నంబర్ హైవే మీద స్పీడ్‌లో ఉన్నప్పుడు అలా జరిగితే? బండి కంట్రోల్ తప్పినట్టే.

తంటా అంతా చెయ్యి దూరని నిపుల్స్‌తోనే. స్టీరింగ్‌ను ఒకవైపు ఫుల్‌గా తిప్పితే చక్రం వెనకున్న నిపుల్ బయటపడుతుంది. గ్రీజు గన్‌కి గట్టి పైపు బదులు ఫ్లెక్సిబుల్ హోస్ పెట్టుకోవాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ నిపుల్ పైవైపు ఉండిపోతే బండిని కాస్త ముందుకు నెట్టండి, అదే కిందికి తిరుగుతుంది. గన్ పెట్టే ముందు నిపుల్‌ను గుడ్డతో తుడవాల్సిందే. లేదంటే బురదను మనమే లోపలికి పంప్ చేసినట్టు!

పాత జీపుల కమాన్ పట్టీల శాకిల్స్‌లో కొత్త గ్రీజు బయటకొచ్చేదాకా కొట్టొచ్చు. ఎక్కకపోతే ఛాసిస్ లేపి, పట్టీల మీద బరువు తీసి మళ్లీ ట్రై చేయాలి. బాల్ జాయింట్‌కి మాత్రం రబ్బరు బూట్ కొద్దిగా ఉబ్బగానే ఆపేయాలి. ఇంకా కొడితే బూట్ పగులుతుంది. కొత్త బండ్లలో చాలావాటికి నిపులే ఉండదు. బూట్ చిరిగిందేమో చూసుకోవాలి, అంతే. రబ్బరు బుష్‌లకు గ్రీజు పూయొద్దు, రబ్బరు మెత్తబడి పాడవుతుంది.

ఒక్క జాక్ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరొద్దు. జాక్ స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డుకట్టలు వేశాకే పని మొదలుపెట్టాలి.