చమురు సిరి - పల్లె బడి

అమీరుపేట కూడలినుండి మైత్రీవనమువైపు నడచువారికి గోడగోడకును కంప్యూటరు శిక్షణల ప్రకటనలే కనబడును. పై యంతస్తులలో తరగతులు, సందులలో వసతిగృహములు, వాని ముంగిట ఇడ్లీబండ్లు, జిరాక్సు కొట్లు. ఉదయమున సంచి భుజమునకు తగిలించుకొని పోవు యువకులను మీదే యూరని యడిగినచో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు, నిర్మల్ అను పేర్లు తరచుగా వినవచ్చును. ఫీజు ఎవరు కట్టిరని యడిగినచో "మా బాపు దుబాయిల ఉండె సార్" అను బదులును పెక్కుమారులు విన్నాము. ఈ పేటలో చమురుబావి యొక్కటియు లేదు. అయినను ఈ వీథి యెదుగుదలలో సముద్రమున కావలనున్న బావులకు కొంత పాలు గలదు. ఆ పాలు పల్లెమీదుగా ఇచటి కెట్లు వచ్చెను, వచ్చు దారిలో పల్లెబడికి ఏమి మిగిల్చెను అని విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

1973 వ సంవత్సరము అక్టోబరులో ఇస్రాయేలుతో యుద్ధము జరుగుచుండగా అరబ్బు రాజ్యములు కొన్ని దేశములకు చమురు నిలిపివేసినవి. పీపా యొక్కటికి సుమారు 3 డాలర్లున్న ధర 1974 ఆరంభమునకు 12 డాలర్లకు చేరువయ్యెను. కువైటు, సౌదీ అరేబియా, దుబాయి మున్నగు సీమలలో ఒక్కమారుగా ధనము పోగుపడెను. రహదారులు, రేవులు, మేడలు కట్టింప వారు పూనుకొనిరి. కట్టుటకు వారి జనము చాలకపోయెను. ఆ పిలుపు హైదరాబాదు పాతబస్తీకిని, కడప సీమకును, గోదావరి జిల్లాలకును, కరీంనగరము, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలకును వినవచ్చెను. వాననే నమ్ముకొన్న రైతులు, మగ్గము సాగని నేతవారు, కూలినాలి చేయువారు బయలుదేరిరి. ఇంటికడ ఆడువారు బీడీలు చుట్టి సంసారము నీదిరి.

అట్లు పోయిన కూలీలలో చదువు లేనివారు పెక్కండ్రు. ఒప్పందపత్రమునందలి భాష వారికి తెలియదు. ఏజెంటు చెప్పినదే వారికి శాసనము. 1983 లో భారత ప్రభుత్వము వలసల చట్టమును చేసి, కొన్ని దేశములకు పనికై పోవు అల్పవిద్యావంతులు ముందుగా అనుమతి పొందవలెనని నియమించెను. పిమ్మటి నిబంధనలు పదవ తరగతి యుత్తీర్ణతను ఎల్లగీతగా పెట్టినవి. ఆ గీత నెవడు దాటెనో, ఎవడు దాటలేదో పాసుపోర్టే చెప్పును. కావున ఈ కథలో చమురుకంటె బడియే ముందటిది. బడి యందని కతముననే వీరు చవుక కూలికి ఎడారి పాలైరి.

ఇక వారు పంపిన ధన మేమి చేసెను? మొదట అప్పు తీర్చెను. పిదప చెల్లెలి పెండ్లి చేసెను, పెంకుటింటిని దాబాగా మార్చెను, పొలములో బోరు వేయించెను. అటుపిమ్మట పిల్లవాని చదువునకు దారి చూపెను. ఎడారిలో ఇంగ్లీషు వచ్చినవాడు నీడపట్టున కూర్చుండుటయు, రానివాడు ఎండలో ఇటుకలు మోయుటయు తండ్రి కన్నులార చూచియుండెను. తన కొడుకు వేలిముద్ర వేయరాదని అతడు పంతము పట్టుట న్యాయమే. బడిపంతుళ్లమైన మేము ఆ పంతమునకు తలవంచెదము. చుట్టుపట్ల పట్టణములును ఆ పైకముతో పెరిగినవి. బంగారు దుకాణములు, బట్టల కొట్లు, గల్ఫు సొమ్ము చెల్లించు కార్యాలయములు, వాని సరసనే ఇంగ్లీషు కాన్వెంటులు వెలసినవి. తెల్లవారక మున్నే పల్లెకు బడివ్యాను వచ్చుట అలవాటయ్యెను.

అయితే వ్యాను ఎక్కినది పిల్లవాడు మాత్రమే కాదు. వానితో గూడ అడుగగల నోరును ఊరిబడిని విడిచిపోయెను. పంతులు రానిచో నిలదీయు తండ్రి, కప్పు కురిసినచో మండల కార్యాలయమునకు పోగల పెద్దమనిషి, తమ పిల్లలు వేరొకచోట చదువుచుండగా ఊరిబడి నేల పట్టించుకొందురు? మిగిలినది నిరుపేద కూలీల పిల్లలు. ఒక్క ఇంటనే కొడుకు వ్యానులోను, కూతురు కాలినడకను ఊరిబడికిని పోవుట మేమెరుగని విషయము కాదు. పిల్లలు తగ్గినకొలది ఉపాధ్యాయులను తగ్గింతురు. ఉపాధ్యాయులు తగ్గినకొలది పిల్లలు తగ్గుదురు. సిరి పెరిగిన యూళ్లలో సర్కారు బడి చిక్కిపోవుటకు ఇదియొక ముఖ్యకారణమని మా యభిప్రాయము.

మఱియు చమురు సిరి నిలుకడ గలది కాదు. 1986 లో ధర కుప్పకూలి పీపా 10 డాలర్లకు దిగివచ్చెను. 1990 ఆగస్టులో ఇరాకు కువైటును ఆక్రమింపగా సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములలో స్వదేశమునకు చేర్పవలసివచ్చెను. 2014 నడుమ 100 డాలర్లకు మించియున్న ధర 2016 జనవరిలో 30 డాలర్లకు లోబడెను. 2020 లో కరోనా వ్యాధి వ్యాపింపగా ఎందరో పని పోగొట్టుకొని వట్టిచేతులతో తిరిగివచ్చిరి. అట్టి వేళ కట్టిన గోడ పడిపోదు. నడుచుచున్న చదువు ఆగిపోవును. మేము చూచినంతలో మొదట ఆగునది ఆడపిల్ల చదువు. అప్పుడు ఆ బిడ్డకు మిగిలిన దిక్కు, ఊరంతయు వదలివేసిన ఆ సర్కారు బడియే.

చమురు ఎన్నడును బడిని పోషింపదా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. పోషించిన దేశములు గలవు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమువారు 1854 లోనే బడులకొక శాశ్వతనిధి నేర్పరచిరి. 1876 నాటి తమ రాజ్యాంగములో విశ్వవిద్యాలయము కొరకును భూములు కేటాయించిరి. పశువుల మేతకు తప్ప కొరగావని తలంచిన ఆ పడమటి బీళ్లలో 1923 మే నెలలో శాంటా రీటా యను బావినుండి చమురు పైకెగసెను. భూమి చదువులదని అంతకుముందే శాసనము గలదు గనుక, ఆ రాబడి ఎవరి యింటికిని పోక నిధిని చేరెను. కువైటు కథ ఇంకను విచిత్రమైనది. అచట చమురు బయటపడినది 1938 లో. ఎగుమతి మొదలైనది 1946 లో. కాని ముత్యములమీదను ఓడ బేరములమీదను బ్రదుకు వర్తకులు చందాలు వేసికొని ముబారకియా పాఠశాలను స్థాపించినది 1911 లో! మన హైదరాబాదు సంగతియు నిట్టిదే. 1901 లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయమును స్థాపించినవారికి ఏ బావియు పొంగలేదు. తెలుగునకు రాచమర్యాద లేని దినములలో, పూనిక గల కొందరు కూడి, చందాలెత్తి, ఆ దీపమును వెలిగించిరి.

దీనినిబట్టి తేలునది యొక్కటే. సిరి బడిని కట్టదు, సంకల్పము కట్టును. సంకల్పము ముందున్నచోట సిరి దానికి చమురై వెలిగించినది. లేనిచోట దీపమింకను ఇంటింట వేరువేరుగా వెలిగి, ఊరుమ్మడి యరుగు చీకటిలో మిగిలినది.

కావున గల్ఫు పైకము ముట్టు కుటుంబములను మేము కోరునవి మూడు. ఊరి గుడికి చందా వ్రాయునప్పుడు ఊరిబడికిని వ్రాయుడు. ఆ పైకమునకు లెక్క అందరి యెదుట చదువబడునట్లు చూడుడు. కొడుకునకు ఏ చదువు చెప్పింతురో కూతునకును అదియే చెప్పింపుడు. మీ పిల్లలు ఏ బడిలో చదివినను, ఊరిబడిని అడుగు హక్కును వదలుకొనకుడు. 2022 లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు బడులలో ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్టెను గనుక, ఇంగ్లీషు కొరకే బడి మార్చితిమను సాకు కొంత సడలినది. ఇక కావలసినది అడుగువారు.

అమీరుపేటలో 2017 నుండి మెట్రోబండి తలలపై పోవుచున్నది. దానిలో నిలుచున్న కోరుట్ల కుర్రవాడు రేపు ఏ దేశమునకైనను పోవచ్చును. తండ్రి పోయినది చదువు లేక. కొడుకు పోవునది చదువు గలిగి. ఈ మార్పు చిన్నది కాదు. కాని వాని చెల్లెలు, వాని పొరుగింటి కూలివాని బిడ్డ నేటికిని ఏ బడిలో, ఏ పంతులు కొరకు ఎదురుచూచుచున్నారో వాడు మరువకుండిననే ఆ మార్పు ఊరికి దక్కును.