వదిన ‘దాచు’ అంది

స్టూలు ఇటు లాక్కోండి. ఫ్యాను గాలి మైకు మీదికి తోస్తోంది, కొంచెం గోడవైపు జరిగి కూర్చోండి. విజయవాడ గవర్నర్‌పేటలో రెండో అంతస్తు గది ఇది. కింద ప్రింటింగ్ ప్రెస్సు నడుస్తోంది కాబట్టి కాళ్ల కింద నేల సన్నగా అదురుతూ ఉంటుంది. సిరా వాసన, తడి కాగితం వాసన మెట్లెక్కి పైదాకా వస్తాయి. రేకు బీరువా మీద పాత శుభలేఖల నమూనాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

కంప్యూటర్ ముందు కూర్చున్నది మా వదిన. ఆమె చేతులు చూడండి. రెండు మణికట్లకీ నీలం పట్టీలు. అరచేతులు పైకి తిప్పి ఒళ్లో పెట్టుకుంది. ఇరవై రెండేళ్లుగా పొద్దస్తమానం డీటీపీ చేసిన చేతులవి. ఎదురుగా ఉన్న కీబోర్డు మీద సగం కీల అక్షరాలు అరిగిపోయి ఉత్త నలుపే మిగిలింది.

“దాచు,” అంటుంది.

ఒక్క క్షణం ఏమీ జరగదు. మీరు ఊపిరి బిగబడతారు. తెర మూలన ఉన్న చిన్న నల్ల కిటికీలో ‘దాచు’ అని ఒక వరుస పడుతుంది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో బాణం గుర్తు తిరిగే చక్రంగా మారి మళ్లీ బాణమవుతుంది. ఫైలు సేవ్ అయింది. కీబోర్డుని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ఒక్క క్షణంలో జరిగింది చెబుతాను. మైకు ఆమె గొంతుని సెకనుకి 16,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చింది. వోస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్లో మాటని వెతికింది. దానికి తెలుగు మోడల్ ఉంది. చిన్నది, ఇంటర్నెట్ లేకుండా ఈ పాత కంప్యూటర్లోనే నడుస్తుంది. తెలుగు మాటలన్నిటిలో వెతికితే తప్పులు ఎక్కువవుతాయి. అందుకని నేను దానికి ముప్పై నాలుగు మాటల జాబితా ఇచ్చి, వీటిలో ఏదో చెప్పు, కాకపోతే తెలియదను అన్నాను. ఆమె గొంతు ఆగిందని రూఢి చేసుకున్నాకే అది జవాబిస్తుంది. మీరు ఊపిరి బిగబట్టింది ఆ నిశ్శబ్దంలోనే. ఇక్కడిదాకా వోస్క్ పని. ఆ తర్వాతది నేను పైథాన్‌లో రాసిన స్క్రిప్టు పని, కీ నొక్కకుండానే కీ నొక్కినట్టు విండోస్‌కి చెప్పడం.

మీ వేలు కీ మీద పడితే కంప్యూటర్‌కి చేరే సంగతులు రెండు. కీ దిగింది అనేది ఒకటి, కీ లేచింది అనేది ఇంకొకటి. ‘దాచు’ అంటే కంట్రోల్-ఎస్. కాబట్టి నాలుగు సంగతులు వరస తప్పకుండా వెళ్లాలి. కంట్రోల్ దిగింది, ఎస్ దిగింది, ఎస్ లేచింది, కంట్రోల్ లేచింది. విండోస్ లెక్కలో కంట్రోల్ నంబరు 17, ఎస్ నంబరు 83. సెండ్‌ఇన్‌పుట్ అనే ఫంక్షన్ చేతికి ఈ నాలుగూ ఇస్తే, అసలు కీబోర్డు నుంచి వచ్చే సంగతులు ఏ కాలవలో పారతాయో ఆ కాలవలోనే వీటినీ వదులుతుంది. పేజ్‌మేకర్ మటుకు కీబోర్డు నొక్కారనే అనుకుంటుంది.

ఇదంతా డాక్టరు దగ్గర మొదలైంది. చేతులకి విశ్రాంతి ఇవ్వకపోతే బొటనవేలి పట్టు పోతుందన్నారు. వదిన ఏడవలేదు. “చేతులాగితే కొట్టు ఆగుతుంది అబ్బాయ్,” అంది, అంతే. మర్నాడు నేను ఆమె పక్కన, ఇప్పుడు మీరు కూర్చున్న స్టూలు మీదే, నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నొక్కిన ప్రతి కీకీ ఒక గీత పెట్టాను. ఇప్పుడు చాలామంది వాట్సాప్‌లో టైప్ చేసిన మేటర్ పంపిస్తున్నారు, దాన్ని ఆమె కొట్టులోని కుర్రవాడు ‘అను’ అనే తెలుగు ఫాంట్‌లోకి మార్చి ఇస్తాడు. ఆమెకి మిగిలేది పేజీ పెట్టడం, సర్దడం, దిద్దడం. అంటే అవే పది పన్నెండు కీలు, మళ్లీ మళ్లీ. గంట తిరిగేసరికి కంట్రోల్-ఎస్ గీతలే సగం పేజీ నిండాయి. కరెంటు పోయి పని పోగొట్టుకున్న తరం కదా, రెండు మార్పులకోసారి సేవ్ కొట్టకపోతే ఆమెకి మనసు నిలవదు. చిటికెనవేలు చాచి కంట్రోల్, ఉంగరం వేలు వంచి ఎస్. ఆ చాపడమే ఆమె మణికట్టుని తినేసింది.

మొదటి రాత్రి స్క్రిప్టు నోట్‌ప్యాడ్‌లో చక్కగా నడిచింది. పేజ్‌మేకర్ తెరిచాం. ‘దాచు’ అంది. నల్ల కిటికీలో మాట పడింది. ఫైలు కదల్లేదు. గట్టిగా అంది. నెమ్మదిగా అంది. మాట వినపడుతూనే ఉంది, కీ మాత్రం పడట్లేదు. తప్పు అని ఎక్కడా రాలేదు. సెండ్‌ఇన్‌పుట్ నాలుగు సంగతులూ పంపేశానని జవాబు కూడా ఇచ్చింది.

రాత్రి రెండింటికి దొరికింది కారణం. ఈ పాత సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో మొరాయించకుండా ఉండాలని ఎవరో దాన్ని ‘అడ్మినిస్ట్రేటర్’ హోదాలో తెరుచుకునేలా టిక్కు పెట్టి ఉంచారు. విస్టా కాలం నుంచీ విండోస్‌లో ఒక కట్టుబాటు ఉంది. తక్కువ హోదాలో నడిచే ప్రోగ్రాము, ఎక్కువ హోదాలో నడిచేదానికి కీలు పంపలేదు. పంపితే దారిలోనే ఆగిపోతాయి, ఆగాయన్న కబురు కూడా వెనక్కి రాదు. ఆ కట్టుబాటు ఉండాల్సిందే. అది లేకపోతే ఏ దొంగ ప్రోగ్రామైనా మన పేరుతో ‘అవును’ నొక్కేసుకుంటుంది. టిక్కు తీసేశాం. అదృష్టం, పేజ్‌మేకర్ మామూలుగానే తెరుచుకుంది. ‘దాచు’ అంది వదిన. తిరిగే చక్రం కనపడింది. ఆమె ఏమీ అనలేదు, పట్టీ ఉన్న చేత్తో నా భుజం మీద ఒకసారి తట్టింది.

ఇప్పుడు తెర మీద ఉన్న శుభలేఖ చూడండి. తలకట్టులో శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ప్రతి లేఖకీ ఇవి ఉండాల్సిందే కాబట్టి ‘శుభలేఖ’ అనగానే స్క్రిప్టే వీటిని టైప్ చేస్తే బాగుంటుందనుకున్నాను. కీ నంబరుతో పని లేకుండా నేరుగా యూనికోడ్ అక్షరాన్నే పంపే సదుపాయం సెండ్‌ఇన్‌పుట్‌లో ఉంది. నోట్‌ప్యాడ్‌లో ముత్యాల్లా వచ్చాయి. పేజ్‌మేకర్‌లో వరసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి. దాని చివరి వెర్షన్ 2001 నాటిది, యూనికోడ్ ఎరగదు. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టి నడిపిస్తాయి. పేజ్‌మేకర్ దృష్టిలో మన ‘శ్రీ’ కూడా ఏవో ఇంగ్లిష్ గుర్తులే.

ఆ దారి మూసుకుపోయింది. వదినే ఉపాయం చెప్పింది. “ఆ మూడు మాటలూ నేనొకసారి సెట్ చేసి ఫైలు కట్టి పెడతా, నువ్వు తెచ్చి పెట్టించు.” అలాగే చేశాం. ‘శుభలేఖ’ అంటే స్క్రిప్టు కంట్రోల్-డి కొడుతుంది, ఫైలు ఎంచుకునే డబ్బా తెరుచుకుంటుంది, ఫైలు పేరు టైప్ చేసి ఎంటర్ కొడుతుంది. ఎక్కడ పెట్టాలో ఆమె ఎడమచేత్తో మౌస్ ఒక్క క్లిక్ చేస్తే చాలు.

మొదటిసారి ఏమైందంటే, పాత కంప్యూటర్ కదా, డబ్బా తెరుచుకోవడానికి ఒకటిన్నర సెకను తీసుకుంది. స్క్రిప్టు దాని కోసం ఆగలేదు. ఫైలు పేరులోని ఇంగ్లిష్ అక్షరాలు డబ్బాలో పడకుండా, కర్సర్ ఉన్న చోట, అంటే పెళ్లికూతురి పేరు మధ్యలో పడ్డాయి. పైగా అను ఫాంట్‌లో పడ్డాయి. చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి తర్వాత ఎవరూ చదవలేని ఒత్తులూ కొమ్ములూ! ప్రింటుకి వెళ్లకముందే చూశాం కాబట్టి బతికాం.

కీలు పంపే స్క్రిప్టు రాసేవాళ్లంతా ఇక్కడ అర సెకను ఆగు, ఇక్కడ సెకను ఆగు అని రాస్తారు. నేనూ రాశాను. అది మంచి పద్ధతి కాదని నా అనుభవం. రెండు పెద్ద ఫైళ్లు తెరిచి ఉన్న రోజున ఆ సెకను చాలదు. ఇప్పుడు నా స్క్రిప్టు కాలాన్ని లెక్కపెట్టదు, తెరని చూస్తుంది. ముందున్న కిటికీ పేరు మారి డబ్బా వచ్చిందని తేలాకే పేరు టైప్ చేస్తుంది. అయిదు సెకన్లలో రాకపోతే ఏ కీ పంపకుండా ‘టింగ్’ మని మోగి ఊరుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. ఒక సాయంత్రం వదిన ఒక్క అక్షరం దిద్దుకుందామని కుడి చూపుడువేలుతో కీబోర్డు మీద ‘ఏ’ నొక్కింది. వ్యాసమంతా నల్లగా సెలెక్ట్ అయిపోయింది. బెదిరి ‘పి’ నొక్కింది. ప్రింట్ డబ్బా తెరుచుకుంది. “అబ్బాయ్, కీబోర్డుకి గాలి సోకిందా?” అని మెట్ల మీద నుంచి పిలిచింది. నొక్కిన ప్రతి అక్షరమూ ఆజ్ఞ అయి కూర్చుంది.

స్క్రిప్టు ‘కంట్రోల్ దిగింది’ అని పంపింది. ఆ తర్వాతి వరుసలో నేను ఒక పేరు తప్పు రాశాను. అక్కడ అది ఆగిపోయింది. ‘కంట్రోల్ లేచింది’ అనే సంగతి ఎన్నటికీ వెళ్లలేదు. విండోస్ లెక్కలో ఎవరో కంట్రోల్ నొక్కిపట్టుకునే ఉన్నారు. వేలు అయితే నొప్పికో బరువుకో తనంతట తనే లేస్తుంది. స్క్రిప్టుకి వేలు లేదు. లేపమని రాస్తేనే లేస్తుంది. అసలు కీబోర్డు మీద కంట్రోల్ ఒక్కసారి నొక్కి వదలమన్నాను, మామూలైంది. ఆ రాత్రే ప్రతి కీ చుట్టూ ఒక కట్టడి రాశాను. మధ్యలో ఏ తప్పు జరిగినా, ఎలా ఆగిపోయినా, దిగిన కీ లేవాల్సిందే. పైథాన్‌లో దీనికి ‘ఫైనల్లీ’ అనే మాట ఉంది. మీరు ఇలాంటిది రాస్తే కీ దించే వరుస కంటే ముందు కీ లేపే వరుస రాయండి.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. 1997లో మాటల్ని అక్షరాలుగా మార్చే డ్రాగన్ నాచురల్లీస్పీకింగ్ వచ్చాక చేతులు దెబ్బతిన్న ప్రోగ్రామర్లు దాని మీద సొంత కమాండ్లు కట్టుకున్నారు. టావిస్ రడ్ అనే ఆయన 2013లో పైకాన్ అనే పైథాన్ సభలో వేదిక మీద నిలబడి గొంతుతో ప్రోగ్రాము రాసి చూపించారు. ఎంటర్‌కి ఆయన మాట ‘స్లాప్’. పొట్టిగా, చెంప మీద కొట్టినట్టు ఉండే మాట. అది ఆయన నోటికి తగింది. వదిన నోటికి తగిన మాట వదినే చెప్పాలి. ‘ఎంటర్ అంటే నీకేం గుర్తొస్తుంది వదినా?’ అనడిగితే ఆలోచించకుండా ‘సరే’ అంది.

సరే అనే పెట్టాం. అరగంటలో అర్థమైంది. బేరానికొచ్చినవాళ్లతో “సరే సరే, రేపు రండి”. ఫోనులో అన్నయ్యతో “సరే, పెరుగు తెస్తాలే”. అన్నప్పుడల్లా తెర మీద ఒక ఎంటర్, ఒక ఖాళీ వరుస. రోజంతా నోట్లో నానే మాట ఆజ్ఞగా పనికిరాదు. ఆమె ఊహించి ‘దిగుపంక్తి’ అంది. మోడల్ నిఘంటువులో ఆ మాట లేదని స్క్రిప్టు మొదలవగానే హెచ్చరిక వచ్చింది. చివరికి ‘పంక్తి దించు’ దగ్గర కుదిరింది. రెండు మాటలు కలిపితే పొరపాటున నోట్లోంచి రావడం కష్టం. అందుకే చెరిపే కమాండ్‌కీ రెండు మాటలే. అన్‌డూకి ‘వెనక్కి’. మనిషి వచ్చి కూర్చుంటే ‘చెవులు మూసుకో’ అంటుంది, అప్పుడు స్క్రిప్టు ‘చెవులు తెరువు’ తప్ప ఏదీ పట్టించుకోదు.

ఇప్పుడు వినండి. కింద ప్రెస్సు ఆగింది. వదిన కుర్చీలో వెనక్కి వాలింది. “పైకి. పైకి. వెనక్కి. దాచు.” మంత్రం చదివినట్టు కాదు, పక్కనున్న మనిషికి పని పురమాయించినట్టు అంటోంది. పెళ్లికొడుకు ఇంటిపేరు రెండు పాయింట్లు పెంచింది. ముహూర్తం వరుస మధ్యకి తెచ్చింది. చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి.

నొప్పి పూర్తిగా పోలేదు. మౌస్ ఇంకా పట్టుకోవాల్సే వస్తోంది. పెద్ద పుస్తకం పని ఆమె ఇంకా ఒప్పుకోవట్లేదు. ఈ శ్రావణానికి శుభలేఖలు మాత్రం ఒక్కటి కూడా వెనక్కి పంపలేదు.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలా మణికట్లకి పట్టీలు కట్టుకుని డీటీపీ చేసేవాళ్లుంటే, మీకు పైథాన్ కొంచెమైనా వస్తే, ఒక ఆదివారం నోటు పుస్తకంతో వాళ్ల పక్కన కూర్చోండి. ఏ కీ ఎన్నిసార్లు నొక్కుతున్నారో గీతలు పెట్టండి. గీతలు ఎక్కువున్న అయిదు కీలు చాలు మొదలుపెట్టడానికి. ఆ అయిదింటికీ ఏ మాట కావాలో వాళ్లనే అడగండి.