ఫార్మాట్ కొట్టకముందు

గాంధారిలో పొద్దున తొమ్మిది దాటింది. జిరాక్స్ షాపు షట్టరు సగమే లేచి ఉంది. బయట బెంచీ మీద ఒక పెద్దాయన పట్టాదారు పాసుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఇంటర్ చదివే అమ్మాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్. స్కాలర్‌షిప్‌కు అప్లై చేయాలి. రిపేరుకు వచ్చిన మీరు తల వంచి లోపలికొచ్చి బ్యాగు దించేలోపే షాపాయన అందుకుంటాడు.

"రాత్రి కరెంటు ఊకె పోవుడు, అచ్చుడు. పొద్దుగాల కంప్యూటర్ ఆన్ జేస్తే గిదే నల్ల తెర. ఫార్మాట్ కొట్టు తమ్మీ, లొల్లి వోతది."

"కొడితే నీ ఫైళ్లు గూడ పోతయన్నా. జెర ఆగు, అదేమంటున్నదో సూద్దాం."

స్టూలు లాక్కుని తెర ముందు కూర్చోండి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. అన్నిటికంటే కింద బ్రాకెట్లలో 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అని ఉంది, దాని పక్కన కర్సరు కొట్టుకుంటోంది. అంటే లినక్స్ కెర్నల్ లేచింది గానీ అసలు సిస్టమ్ ఉన్న పార్టిషన్‌ను తెరవలేక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ పైన 'రన్ ఎఫ్ఎస్‌సీకే మాన్యువల్లీ' అని, అంటే ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే కమాండ్ మీరే నడపమని రాసి ఉంది. చాలామంది ఈ ఒక్క లైను చూసి వెంటనే ఆ కమాండ్ కొట్టేస్తారు. మీరు కొట్టకండి. ఇంకా పైకి చదవండి.

ఇంకో లైను కనిపిస్తుంది. ఫైల్ సిస్టమ్‌ను చివరిసారి మౌంట్ చేసిన సమయం 'భవిష్యత్తులో' ఉందట. పక్కనే ఇప్పటి తేదీ: 2012 జనవరి 1, ఆదివారం. గడియారం అన్నేళ్లు వెనక్కి పోయింది. ఇక డీమెసేజ్ కమాండ్ కొడితే కెర్నల్ తన గోడంతా వెళ్లబోసుకుంటుంది. 'ఏటీఏ1' పేరుతో ఎర్రర్ల మీద ఎర్రర్లు. వాటి మధ్య మళ్లీ మళ్లీ వచ్చే మాట 'ఐసీఆర్‌సీ': డిస్కుకూ బోర్డుకూ మధ్య డేటా లెక్క తప్పుతోందని. చివర్లో లింకు వేగాన్ని సెకనుకు 3 గిగాబిట్ల నుంచి 1.5కు తగ్గిస్తున్నానని ఒక లైను. గుంతల రోడ్డెక్కిన బండి గేరు తగ్గించినట్టు.

ఇప్పుడు మీ చేతిలో మూడు ఆనవాళ్లున్నాయి: పాడైన ఫైల్ సిస్టమ్, వెనక్కి పోయిన గడియారం, డిస్కుకూ బోర్డుకూ మధ్య తప్పుతున్న మాట. ఫార్మాట్ కొడితే మొదటిది ఈ పూటకు పోతుంది. మిగతా రెండూ అలాగే ఉంటాయి, వారం తిరక్కుండా మొదటిదాన్ని మళ్లీ పట్టుకొస్తాయి.

పెన్‌డ్రైవ్‌తో లినక్స్ మింట్‌ను లైవ్‌గా లేపండి. హార్డ్ డిస్కుతో పని లేకుండా సిస్టమ్ ర్యామ్‌లో నడుస్తుంది. డిస్క్స్ అనే టూల్‌లో డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ వివరాలు తెరవండి. ఇక్కడ చూడాల్సిన వరసలు మూడే. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు సున్నా. చదవలేక పెండింగ్‌లో పెట్టినవీ సున్నా. అంటే డిస్కు లోపలి పళ్లేల మీద మచ్చ లేదు. మూడోది యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. అక్కడ 214 ఉంది.

షాపాయన మీ భుజం మీంచి తొంగి చూస్తాడు. "డిస్కు వోయినట్టేనా?"

"డిస్కు మంచిగనే ఉందన్నా. తీగ మీదనే నాకు డౌటు."

డిస్కు నుంచి బయల్దేరిన డేటా బోర్డుకు చేరేసరికి లెక్క తప్పితే పెరిగే అంకె అది. పెండింగ్ సెక్టార్లు పెరిగితే డిస్కు మార్చాలి. ఈ అంకె ఒక్కటే పెరిగితే ముందు కేబుల్ మార్చి చూడాలి. ఈ తేడా తెలియక ఎన్నో మంచి డిస్కులు పాత సామాను బండెక్కుతాయి.

రిపేరుకు దిగేముందు ఫైళ్లు. పార్టిషన్‌ను రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, షాపు లెక్కల ఫోల్డరును బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. వేగం తగ్గినా ఫైళ్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. అది అయ్యేలోపు చాయ్ వస్తుంది. పెద్దాయన అడుగుతాడు, "అయితదా బిడ్డా? భూభారతిల నా భూమి సూపిస్తుందో లేదో సూసుకోవాలె." అయితది, గంట పడతది అని చెప్పండి.

ఇక ప్లగ్గు పీకండి. పవర్ బటన్ ఒకసారి నొక్కి, మిగిలిన కరెంటు దించేయండి. వెనక రెండు స్క్రూలు తీసి పక్క రేకు జరపగానే రోడ్డు దుమ్ము, టోనర్ పొడి కలిసిన బూడిదరంగు మెత్త. దస్తీ ముక్కుకు కట్టుకోండి. వట్టి చేతిని ముందు క్యాబినెట్ ఇనుముకు ఆనించండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు అటే పోతుంది. పెయింటు బ్రష్షుతో దులపండి. బ్లోవర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

దుమ్ము పోయాక డిస్కు వెనక ఎర్రటి సాటా కేబుల్ బయటపడుతుంది. రేకు మూసిన ప్రతిసారీ నొక్కుకుపోయి మధ్యలో మడత పడింది. బోర్డు వైపు కొసకు లాక్ క్లిప్పు లేదు, వేలితో తాకితే ఊగుతోంది. తీసేయండి. బ్యాగులోంచి క్లిప్పున్న కొత్త కేబుల్ తీసి, 'టిక్' మనేదాకా నొక్కండి. మడత పడకుండా వెడల్పుగా తిప్పి కట్టండి.

బోర్డు మీద రూపాయి బిళ్ల సైజు బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. మీటరు పెడితే 3 వోల్టులు చూపాల్సింది 2.1 దగ్గర ఆగింది. కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం 2012కు జారిపోతున్నది ఇందుకే. ఇంటర్నెట్ దొరికితే లినక్స్ టైము సరిచేసుకుంటుంది. దొరకని పొద్దున పాత తేదీతోనే లేస్తుంది, అప్పుడు బ్రౌజర్ ఏ సెక్యూర్ సైటునూ నమ్మదు. కొత్త బిళ్ల వేసి బయోస్‌లో తేదీ పెట్టండి.

ఇప్పుడొచ్చింది ఎఫ్ఎస్‌సీకే వంతు. లైవ్ నుంచే, పార్టిషన్ అన్‌మౌంట్ చేసి నడపండి. తీగ తప్పుతుండగా ఇదే కమాండ్ కొట్టి ఉంటే, సరిచేసే రాతలు కూడా ఆ తీగ మీదే పోయేవి. ఏ ఫోల్డరులోనూ దారి లేని ఫైళ్ల ఇనోడ్లు కొన్ని లాస్ట్-అండ్-ఫౌండ్‌లో పడ్డాయి. రెండోసారి నడిపితే 'క్లీన్' అంది.

రీస్టార్ట్. లోగో వచ్చింది, డెస్క్‌టాప్ తెరుచుకుంది. మెనూల్లో తెలుగు కనిపిస్తోంది. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' వంటి సంస్థల వలంటీర్లు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పని అది. బెంచీ మీది అమ్మాయి లేచి లోపలికొస్తుంది. "అయిపోయిందా అన్నా?" ఇంకొక్క పది నిమిషాలు.

సిస్టమ్ లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ తెరిచి వెనక్కి వెళ్లండి. సీఆర్‌సీ ఎర్రర్లు రాత్రి మొదలైనవి కావు. వారాలుగా రోజుకు రెండు మూడు పడుతూనే ఉన్నాయి. రాత్రి కరెంటు కోత వాటికి తోడైంది, అంతే. ఇక డీఎఫ్ కొడితే రూట్ పార్టిషన్ 96 శాతం నిండి ఉంది. పాత కెర్నళ్లను ఆటోరిమూవ్‌తో, పాత లాగ్‌లను వాక్యూమ్‌తో తీసేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిస్తే ఊరి సగం ఆధార్ కార్డులు అక్కడే ఉన్నాయి.

"ఇవెందుకన్నా దాసిపెట్టినవ్?"

"ప్రింటు తీసినంక తీసెయ్య యాదికుండది."

"మందియి గదన్నా. పొద్దుమూకి షట్టరేసేటప్పుడు ఖాళీ జెయ్యి."

ఇక డబ్బా సంగతి. ఈ సిస్టమ్‌లో ఉన్నది రెండో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే కిందివాటిని దాదాపుగా లెక్కలోకి తీసుకోదు. లినక్స్ మింట్ 22కు మాత్రం 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లున్నాయి. పదేళ్లు దాటిన డబ్బాకు ఇంకా కొన్నేళ్ల పని ఉంది, పట్టించుకునేవాడుంటే.

పెద్దాయన భూమి వివరాల ప్రింటు చేతిలోకొచ్చింది. ఆయన సర్వే నంబరు మీద వేలు పెట్టి చదువుకుంటున్నాడు. అమ్మాయి సర్టిఫికెట్లు స్కానర్ మీద ఉన్నాయి. మీరు స్మార్ట్ పేజీ మళ్లీ తెరవండి. 214. పెరగలేదు. తగ్గదు కూడా, ఎందుకంటే ఆ లెక్క సున్నాకు తిరిగి రాదు. మార్కరు తీసి క్యాబినెట్ పక్కన అంకె, దాని కింద ఇవాళ్టి తేదీ రాయండి.

"నెలకోపారి ఇది జూడన్నా. పెరిగితే కేబుల్ పెట్టే సాకెట్టు మారుస్త. పైన పెండింగ్‌ల సున్నా పోయి ఏ అంకె అచ్చినా, గా దినమే కొత్త డిస్కు కొనాలె. కరెంటు పోతే అక్కరకు రాని యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ మాత్రం ఇయ్యాల్నే ఏపిచ్చు."

"కేబుల్‌కు, బిళ్లకు ఎంతైంది?"

చెప్తారు. ఆయన గల్లా పెట్టెలోంచి నోట్లు తీస్తూ మార్కరు రాత వైపు చూస్తాడు. "రెండు వందల పద్నాలుగు. మించితే ఫోన్ జేస్త. ఫార్మాట్ మాట ఎత్త."